కోటిలంక పూచీదారు

సత్యలింగం గారు అరవై రెండేళ్ళ జీవితంలో మరొకరి కోసం ఒక్క సంతకం కూడా పెట్టలేదు. ఆయన తండ్రి ఒక స్నేహితుడికి జామీను ఉండి, ఆ స్నేహితుడు ఊరు విడిచి పారిపోగా నాలుగెకరాల కొబ్బరితోట పోగొట్టుకున్నాడు. పోయేముందు కొడుకుని మంచం దగ్గరకు పిలిచి, "ఒరే, అడిగినోడికి అన్నం పెట్టు, బట్ట పెట్టు. సంతకం మాత్రం పెట్టకు" అని చెప్పి కన్నుమూశాడు. సత్యలింగం గారు ఆ మాటను మంత్రంలా పట్టుకున్నారు. ఆర్టీసీ డిపోలో ముప్పై నాలుగేళ్ళు టైమ్‌కీపరుగా చేసి, ఏ బస్సు ఎప్పుడొచ్చిందో ఎప్పుడెళ్ళిందో రాసి, దాని కింద మాత్రమే సంతకం పెట్టారు. బస్సు వచ్చిన మాట నిజమే కనుక అందులో ప్రమాదం లేదు. భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లల్లేరు. కాలువ లాకుల దగ్గర రెండు గదుల పెంకుటిల్లు, పెరట్లో ఒక కరివేపాకు చెట్టు, గోడ మీద డిపోవాళ్ళు రిటైర్మెంటు నాడు ఇచ్చిన గడియారం. కోటిలంక ఊళ్ళో ఆయన వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు, ఎవరి వల్లా ఆయనకి ఇబ్బంది లేదు.

ఆ పరిస్థితి పురపాలక కమిషనర్ చిదానందం గారి బావమరిది ఇంటి బాత్‌రూము తలుపుతో మారిపోయింది.

ఆ బావమరిది ఇంట్లో అద్దెకున్నవాడు ఖాళీ చేస్తూ, ఆ తలుపు తను కొన్నదేనంటూ ఊడదీసుకుని పోయాడు. కమిషనర్ గారు అప్పుడే రాజధానిలో సుపరిపాలన మీద మూడు రోజుల శిక్షణ పొంది, కొత్త ఫైలు సంచీతో తిరిగొచ్చారు. పురపాలక సంఘం సమావేశంలో లేచి నిలబడి, "ఈ రోజు తలుపు పోయింది. తలుపు పోయిన చోట వ్యవస్థ ఎక్కడ నిలుస్తుంది?" అని అడిగారు. సభ్యుల్లో ఎవరికీ జవాబు తోచలేదు కాబట్టి తీర్మానం ఏకగ్రీవమైంది. నెల తిరగకుండా 'కోటిలంక నివాస గృహముల అద్దె హామీ నియమావళి' వెలువడింది. నలభై ఒక్క నియమాలు. సారాంశం ఒకటే: పట్టణంలో అద్దెకుండే ప్రతి కుటుంబానికీ ఒక హామీదారు ఉండాలి. లేనివాళ్ళు ముప్పై రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలి.

ఈ సంగతి సత్యలింగం గారికి ఎదురింటి మెహరున్నీసా చెప్పింది. ఆమె టైలరు. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. కుట్టుమిషను వరండాలో వేసుకుని ఊళ్ళో సగం జాకెట్లు తనే కుడుతుంది.

"బాబాయ్ గారూ, నా దగ్గర గుడ్డలు కుట్టించుకునేవాళ్ళు మూడొందలమంది ఉన్నారండి. పూచీ ఉండమంటే ఒక్కళ్ళూ పనికిరారంటన్నారండి ఆఫీసులో."

"ఎందుకని?"

"ఐదో రూలంటండి."

ఐదో నియమం ఇలా ఉంది: "హామీదారు పట్టణ పరిధిలో సొంత గృహము కలవాడై, సదరు గృహమును అద్దెకు ఇవ్వనివాడై, తాను అద్దెకు ఉండనివాడై, ఏ విధమైన ఋణమునూ, వ్యాజ్యమునూ, పన్ను బకాయినీ లేనివాడై, అద్దెదారునకు బంధువు కానివాడై, ఏబది సంవత్సరములు నిండినవాడై ఉండవలెను." సొంతిల్లు ఉన్నవాళ్ళలో సగం మంది పైవాటా అద్దెకిచ్చారు. మిగిలినవాళ్ళు ఆ ఇల్లు కట్టడానికి అప్పు తీసుకున్నారు. అప్పు లేనివాళ్ళకి అన్నదమ్ములతో గోడ తగాదాలున్నాయి. తగాదా కూడా లేనివాళ్ళు నీటిపన్ను కట్టలేదు.

సత్యలింగం గారు తన విషయం ఆలోచించుకున్నారు. నియమం చదువుతుంటే ఎవరో తన కొలతలు తీసుకుని రాసినట్టుంది. ఆయన ఆ రోజంతా వీధి వైపు చూడలేదు. రెండో రోజు సాయంత్రం మెహరున్నీసా కూతుళ్ళు పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతూ కనిపించారు. మూడో రోజు పొద్దున్నే ఆయన చొక్కా వేసుకుని పురపాలక సంఘానికి వెళ్ళి, మరో మనిషి కోసం జీవితంలో మొదటిసారి సంతకం పెట్టారు. పేరు చివరి సున్న రెండుసార్లు పడింది.

హామీ విభాగం సూపరింటెండెంటు త్రినాథరావు ఆ దరఖాస్తుని కంప్యూటరులో ఎక్కించి, చాలాసేపు తెరవైపు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"సత్యలింగం గారూ, కూర్చోండి. తమరు సామాన్యులు కారు. పట్టణ జనాభా అరవై ఒక్క వేలు. వడపోయగా వడపోయగా అర్హత గల హామీదారు ఒక్కరే తేలారు. తమరే."

"అయితే ఏం చేస్తారండి?"

"మేం చేసేదేముంటుంది? చేయవలసింది తమరే."

మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి వరుస లాకుల దాకా ఉంది. బ్యాంకు గుమాస్తాలు, బడిపంతుళ్ళు, కొబ్బరి దింపేవాళ్ళు, ఒక పురోహితుడు, ఒక పాస్టరు, అందరూ అద్దె ఇళ్ళవాళ్ళే. ఒకరికి పెట్టిన సంతకం మరొకరికి కుదరదనడానికి ఆయన దగ్గర కారణం లేదు. సంతకం పెట్టకపోతే వాళ్ళు ఎక్కడికి పోతారన్న ప్రశ్నకి జవాబూ లేదు. ఒకామె చంటిబిడ్డని ఎత్తుకుని ముందుకొచ్చింది. ఆమెతో మొదలుపెట్టారు.

అయితే ఊరికే సంతకం చెల్లదు. ఏడో నియమం అడ్డొచ్చింది: "హామీదారునకు అద్దెదారుతో వ్యక్తిగత పరిచయము ఉండవలెను. పరిచయమనగా పదిహేను నిమిషములకు తక్కువ కాని సంభాషణ." సత్యలింగం గారు గడియారం ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. జీవితమంతా బస్సుల వేళలు రాసిన మనిషి, ఇప్పుడు మనుషుల వేళలు రాయసాగారు. కొన్నాళ్ళకి ఆయనకొక సంగతి తెలిసింది. ఎవరైనా సరే తన గురించి చెప్పుకోవడానికి నాలుగు నిమిషాలు చాలు. ఊరు, ఉద్యోగం, పిల్లల చదువులు అయిపోతాయి. మిగిలిన పదకొండు నిమిషాలూ గడవాలి కదా, అందుకని నిజం చెప్పడం మొదలుపెడతారు. ఒక లెక్కల మాస్టారు తనకి చిన్నప్పటినుంచీ పాడాలని ఉండేదని చెప్పి, తొమ్మిదో నిమిషంలో పాడాడు. ఒక ఎరువుల కొట్టు యజమాని, తమ్ముడితో మాట్లాడి పదేళ్ళయిందని చెప్పి కండువాతో మొహం తుడుచుకున్నాడు. సత్యలింగం గారు పదిహేను నిమిషాలు కాగానే సంతకం పెట్టేవారు. ముప్పై రోజుల గడువు నెలనెలా పొడిగిస్తూ పోగా, ఎనిమిది నెలల్లో పంతొమ్మిది వందల పద్నాలుగు కుటుంబాలకి ఆయన పూచీ అయ్యారు. ఆఖరున వచ్చినవాళ్ళలో పోలీసు ఎస్సై ఒకరు, కమిషనర్ చిదానందం గారు ఒకరు. ఆయనదీ అద్దె ఇల్లే.

కమిషనర్ గారు గడియారం చూసుకుంటూ పద్నాలుగు నిమిషాలు సుపరిపాలన గురించి మాట్లాడి, పదిహేనో నిమిషంలో, "మా ఇంటి ఓనరు నన్ను చూస్తే లేచి నిలబడడండి" అన్నారు. సత్యలింగం గారికి జాలి వేసింది.

ఇక పూచీ అంటే మాటలు కాదు. పదకొండో నియమం ప్రకారం అద్దెదారు చేసిన తప్పుని హామీదారు స్వయంగా సరిదిద్దాలి. ఎవరింట్లో గోడకి మేకు కొట్టినా, ఇంటి యజమాని ఫిర్యాదు ఇవ్వడం, సత్యలింగం గారికి నోటీసు రావడం, ఆయన తాపీ, సిమెంటు డబ్బా పట్టుకుని వెళ్ళి ఆ చిల్లు పూడ్చడం. ఎండుచేప వేయించిన వాసన పైవాటాకి వెళ్ళిందని ఒక ఫిర్యాదు వస్తే, ఆయన గంటసేపు ఆ మేడమెట్ల మీద నిలబడి అగరొత్తులు వెలిగించారు.

చిలుక కేసు మాత్రం ఆయన్ని బాగా అలిసిపోయేలా చేసింది. దేవాంగుల వీధిలో ఒక అద్దెదారు పెంచే చిలుక, ఇంటి యజమాని మెట్లెక్కినప్పుడల్లా ఒక బూతుమాట అంటోంది.

"చిలుక అన్నదానికి నేనెలా పూచీ అండి?" అని అడిగారు సత్యలింగం గారు.

త్రినాథరావు నియమావళి తెరిచాడు. "మూడో నియమం చిత్తగించండి. 'అద్దెదారు కుటుంబమనగా సదరు గృహములో భుజించు సమస్త జీవులు.' చిలుక భుజిస్తుందా, లేదా?"

"భుజిస్తుందండి."

"మరి అదీ తమరి పూచీయే."

ఆయన పన్నెండు రోజులు ఆ పంజరం ముందు పీట వేసుకుని కూర్చుని "నమస్కారమండి, నమస్కారమండి" అని నేర్పారు. పదమూడో రోజు విచారణాధికారుల సమక్షంలో ఇంటి యజమాని మెట్లెక్కాడు. చిలుక చక్కగా "నమస్కారమండి" అని, ఆ వెనకే పాత మాట కూడా అంది. మర్యాద పెరిగినట్టుగా నమోదు చేసి ఫైలు మూశారు.

ఇదంతా ఇలా నడుస్తుండగా సత్యలింగం గారికి రెండు రోజులు జ్వరం వచ్చింది. ఊరు ఊరంతా గుబులుపడింది. అప్పటిదాకా ఎవరికీ తట్టని విషయం త్రినాథరావుకి తట్టింది: ఈయన పోతే పంతొమ్మిది వందల పద్నాలుగు ఒప్పందాలూ పోతాయి. వెంటనే అత్యవసర ఉత్తర్వు వెలువడింది. "పై విషయమును పురస్కరించుకొని తెలియజేయడమేమనగా, హామీదారు ప్రజా ఆస్తిగా పరిగణించబడినందున, సదరు ఆస్తి సైకిలు తొక్కరాదు, కాలువలో స్నానము చేయరాదు, ఆవకాయ భుజించరాదు, పట్టణ పరిధి దాటరాదు." ప్రతిరోజూ పది గంటలకి ఆయన ఆఫీసుకి వచ్చి, 'మనుగడ రిజిస్టరు'లో తాను బతికి ఉన్నట్టు సంతకం చేయాలి. ఒకరోజు పది నిమిషాలు ఆలస్యమైతే, ఆ పది నిమిషాలకి ఆయన్ని లేనివాడిగా రాశారు. ఊళ్ళోవాళ్ళు మజ్జిగ తెచ్చేవారు, మెట్లెక్కబోతే చెయ్యి పట్టుకునేవారు. జీవితంలో మొదటిసారి ఇంతమంది ఆయన బాగోగులు అడిగారు. ఆయన మాత్రం ఆవకాయ జాడీ వైపు చూస్తూ పెరుగన్నం తినేవారు.

అలాంటి రోజుల్లో విశాలాక్షి గారు కోటిలంక పోస్టాఫీసుకి సబ్ పోస్టుమాస్టరుగా బదిలీ మీద వచ్చారు. యాభై నాలుగేళ్ళ మనిషి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి "తీరిక దొరకలేదండి" అని చెప్పేవారు. అద్దె ఇల్లు దొరికింది, పూచీ కోసం లాకుల దగ్గరకి వచ్చారు. సత్యలింగం గారు అలవాటు ప్రకారం గడియారం చూసి, "చెప్పండమ్మా" అన్నారు.

"నా గురించి చెప్పాలాండి? మీ గురించి చెప్పండి. పూచీ ఉండేది మీరు. ఎలాంటివారో నాకు తెలియాలి కదా."

ఎనిమిది నెలల్లో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆయన తడబడుతూ మొదలుపెట్టారు. తండ్రి గురించి, తోట గురించి, భార్య వండే చింతచిగురు పప్పు గురించి చెప్పారు. చెప్పి తలెత్తేసరికి ముప్పావుగంట అయింది. సంతకం పెట్టడం మరిచిపోయారు. దానికోసం ఆవిడ మర్నాడు మళ్ళీ రావలసి వచ్చింది. వచ్చేటప్పుడు ఒక చిన్న సీసా తెచ్చారు. మూత తీస్తే ఆవకాయ.

"ఉత్తర్వు ఉందండి" అన్నారాయన.

"తినద్దని మీకు ఉత్తర్వు. పెట్టద్దని నాకు రాలేదు."

ఆరు నెలలు గడిచాయి. పోస్టాఫీసు మూసే వేళకి ఆయన అటుగా నడిచి వెళ్ళడం, ఆవిడ లాకుల దాకా కలిసి నడవడం ఊరికి అలవాటైంది. ఒకరోజు లాకుల గట్టు మీద ఆయన, "మనమిద్దరం ఒకింట్లో ఉంటే ఎలా ఉంటుందంటారు?" అన్నారు. ఆవిడ "ఎవరి ఇంట్లోనండి?" అని అడిగారు. అది ఒప్పుకున్నట్టేనని ఆయనకి అర్థం కావడానికి ఇల్లు చేరేదాకా పట్టింది.

మర్యాదగా ఉంటుందని ఆయన ఈ విషయం హామీ విభాగంలో చెప్పారు. త్రినాథరావు ముందు చేతులు జోడించి అభినందించాడు. తర్వాత నియమావళి తెరిచాడు.

"ఇందులో స్వల్పమైన సాంకేతిక సమస్య ఉందండి. పెళ్ళైతే ఆవిడ తమరికి బంధువు. బంధువుకి తమరు పూచీ ఉండకూడదు. కనుక ఆవిడ అద్దె ఇల్లు ఖాళీ చేయాలి."

"చేస్తారండి. మా ఇంటికే వస్తారుగా."

"అక్కడే ఉంది. తమరి ఇంట్లో రెండో వ్యక్తి నివసించడం మొదలుపెడితే, ఆవిడ అద్దెదారు కాదని ఏమిటి ఆధారం? అద్దెదారైతే తమరు గృహయజమాని అవుతారు. గృహయజమాని హామీదారుగా పనికిరాడు."

"భార్యండీ ఆవిడ."

"ఆ మాట తమరంటున్నారు. ఆవిడ భార్యే గాని అద్దెదారు కాదని అర్హుడైన హామీదారు ఎవరైనా పూచీ ఇవ్వాలి."

"ఊళ్ళో అర్హుడైన హామీదారు నేనొక్కణ్ణేగా."

"అవును. తమరు ఇవ్వకూడదు. బంధువు కదా."

సత్యలింగం గారు లేచారు. కోపమంటే ఏమిటో ఆయనకి అంతగా పరిచయం లేదు. అందుకే మొదట కడుపులో మంటేమో అనుకున్నారు. అక్కణ్ణించి తిన్నగా పోలీసు స్టేషనుకి వెళ్ళి, తన మీద ఏదైనా చిన్న కేసు పెట్టమని ఎస్సైని అడిగారు. వ్యాజ్యం ఉంటే పూచీ పదవి పోతుంది కదా.

ఎస్సై కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. "ఏం చేశారండి?"

"ఏమీ చేయలేదండి. మీరు రాసేదాన్ని బట్టి చేస్తాను."

"చూడండి మాస్టారూ, మా ఆవిడకి ఏడో నెల. మీ మీద కేసు రాస్తే సాయంత్రానికి నా సామాను రోడ్డు మీద ఉంటుంది. మీరు ఆ కుర్చీతో నన్ను కొట్టినా నేను రాయను." అంటూ టీ తెప్పించాడు.

ఆ సాయంత్రం విశాలాక్షి గారు అంతా విని, తపాలా శాఖకి బదిలీ దరఖాస్తు రాశారు. సామర్లకోటలో ఖాళీ ఉంది. నెలన్నరకి ఉత్తర్వు వచ్చింది. "నేను సోమవారం తొమ్మిదీ నలభై బస్సుకి వెళ్తున్నానండి. మీరు పట్టణ పరిధి దాటకూడదని నాకు తెలుసు. టికెట్లు మాత్రం రెండు తీశాను" అన్నారు.

ఆదివారమంతా సత్యలింగం గారు ఇంట్లో అటూ ఇటూ తిరిగారు. మెహరున్నీసా కూతుళ్ళు వరండాలో చదువుకుంటున్నారు. తన సంతకం కింద వాళ్ళు కుదురుగా కూర్చున్నట్టు అనిపించింది. ఆయన ఎదురింటికి వెళ్ళి గుమ్మంలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పారు.

మెహరున్నీసా మిషను ఆపింది. "మా ఓనరు పెళ్ళాం జాకెట్లు మూడు నా దగ్గరే ఉన్నాయండి బాబాయ్ గారూ. కూతురి నిశ్చితార్థం ఈ వారమే. నన్ను ఎక్కడికి పంపుద్దండి ఆవిడ? మీరు ఎళ్ళండి." దారం తెంపి అంది. "ఏడాదికి పైగా అందరి గోడలూ పూడ్చారండి. ఆయ్, ఎళ్ళండి."

సోమవారం బస్టాండులో ఆయన సంచీతో బస్సెక్కి కూర్చునేసరికి కమిషనర్ గారి జీపు వచ్చి ఆగింది. చిదానందం గారు కిటికీ కిందికి వచ్చి మెల్లగా మాట్లాడారు.

"తమరు పరిధి దాటితే పట్టణంలో అయిదో వంతు జనాభా చట్టబద్ధత కోల్పోతుంది. ఆలోచించండి."

"ఆలోచించానండి."

"నేను కూడా ఖాళీ చేయాల్సి వస్తుంది."

సత్యలింగం గారికి ఆయన మీద మళ్ళీ జాలి వేసింది. కాని పక్కసీటులోంచి విశాలాక్షి గారు వంగి, "కమిషనర్ గారూ, ఆయన లేకపోతే ఊరు నిలవదన్న రూలు రాసింది మీరా, ఆయనా?" అని అడిగారు. కమిషనర్ గారు బస్సు ఆపమని కంట్రోలరుకి ఆజ్ఞాపించారు. కంట్రోలరు, సత్యలింగం గారి దగ్గర పని నేర్చినవాడు, చేతి గడియారం చూసుకున్నాడు. "తొమ్మిదీ నలభై అయిందండి సార్. ఆలస్యమైతే నా మీద రాస్తారు" అని ఈల వేశాడు.

పట్టణ పరిధి అని రాసి ఉన్న పచ్చబోర్డు దాటేటప్పుడు సత్యలింగం గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి వరిచేలు.

ఆ రోజు కోటిలంకలో ఇంటి యజమానులంతా చట్టప్రకారం అద్దెదారుల గుమ్మాల ముందుకి వచ్చారు. వీళ్ళని పంపిస్తే కొత్తగా వచ్చేవాళ్ళకీ పూచీ ఉండదన్న సంగతి ఒక్కొక్కరికే తోచింది. ఒకాయన "మోటారు రిపేరు చేయించానండి, నీళ్ళు సరిగా ఎక్కుతున్నాయా?" అని అడిగి వెళ్ళిపోయాడు. దాదాపు అందరూ అలాంటిదేదో అడిగి వెళ్ళిపోయారు. మెహరున్నీసా ఓనరు పెళ్ళాం జాకెట్ల కోసం వచ్చి, చేతులు కాస్త వదులు చేయమని చెప్పింది. చిదానందం గారి ఇంటి యజమాని మాత్రం మేడమీద నుంచే చూసి, ఈసారీ లేవలేదు.

పురపాలక సంఘం ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు. మూడు రోజుల చర్చ తర్వాత ఉత్తర్వు ఇచ్చింది: "హామీదారు భౌతికముగా లేకపోయినను, పరిపాలనాపరముగా పట్టణములోనే ఉన్నట్లు పరిగణించబడును." మనుగడ రిజిస్టరులో రోజూ పది గంటలకి ఆయన తరఫున త్రినాథరావే సంతకం చేస్తున్నాడు. సత్యలింగం గారు పట్టణంలో ఉన్న రోజుల కంటే ఇప్పుడే హాజరు బాగుందని వార్షిక నివేదికలో రాశారు. ఆ ఏడాది ఉత్తమ హామీదారు శాలువా కూడా ఆయనకే దక్కింది. ఖాళీ కుర్చీకి కప్పారు.

సామర్లకోటలో ఒక చిన్న గుడిలో ఆయనా విశాలాక్షి గారూ దండలు మార్చుకున్నారు. తర్వాత ఇల్లు వెతికారు. స్టేషను వెనక వీధిలో ఒక ముసలావిడ కిందివాటా చూపించింది. మామిడి పిందెలు తరుగుతున్న కత్తిపీట పక్కన పెట్టి, లేచి, గదులన్నీ తిప్పింది.

"నీళ్ళు పొద్దున్న ఆరింటికి వస్తాయండి. పట్టుకోకపోతే మళ్ళా రేపే. పెరటి తలుపు గెడ కాస్త బిర్రు. అంతే."

సత్యలింగం గారు ఆ గెడ ఒకసారి వేసి తీసి చూశారు. జీవితంలో మొదటిసారి అద్దెకి దిగుతున్న మనిషి.

"మరి పూచీ ఎవరిదండి?"

"దేనికండి?"

"నాకండి. నేనెలాంటివాణ్ణో మీకు తెలియదు కదా."

ముసలావిడ లోపలివైపు చూసింది. విశాలాక్షి గారు అప్పటికే కొంగు దోపుకుని కిటికీలు తెరుస్తున్నారు.

"ఆవిడుందిగా" అంది.

"మరి ఆవిడకో?"

ముసలావిడ ఆయన్ని చెప్పులనుంచి తలదాకా ఒకసారి తీరిగ్గా చూసింది.

"అదే ఆలోచిస్తన్నానండి" అని, తాళంచెవి విశాలాక్షి గారికి ఇవ్వడానికి లోపలికి వెళ్ళింది.